వాద్యం విన్నదెవరు?

ముంగారు వానలు రెండు మూడు పడ్డ తరువాత ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుప్రక్కల బయళ్లలో సందెవేళ నిశ్శబ్దమనేది ఉండదు. నల్లరేగడి నెరియల్లో కీచురాళ్లు, గట్లమీది గడ్డిలో మిడత జాతి పురుగులు, నీటి గుంటల్లో కప్పలు అన్నీ ఒక్కసారిగా మొదలుపెడతాయి. ఆ వేళకే మనుషుల వాద్యాలు కూడా బయటికి వస్తాయి. గొర్రెలు కాచే కురుబల పిల్లనగ్రోవి బయలులో పుట్టి బయలులో పెరిగినదే. చెక్కభజన నేర్చుకొనే యువకులు గుడి ముందర దీపం క్రింద కాళ్లకు గజ్జెలు కట్టుకొని అడుగులు దిద్దుకొంటారు. గొరవయ్యలను ఈ ప్రాంతపు విద్యార్థులకు వేరుగా పరిచయం చేయనక్కరలేదు. మైలారలింగని భక్తులైన వీరు ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకొని, నల్లగొంగడి కప్పుకొని, డమరుకం వాయిస్తూ, పిల్లనగ్రోవి ఊదుతూ ఆడతారు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండినవి. మైలారలింగని కొలువు కన్నడ సీమలోనూ ఉన్నది గనుక ఈ వాద్యాలకు భాష ఎన్నడూ అడ్డం రాలేదు.

ఆరుబయట సాధన చేసేవారు తరచుగా ఒక మాట చెబుతారు: వాద్యం ఎత్తుకోగానే పురుగులు ఊరుకొంటాయట, కొంతసేపటికి మన శ్రుతిలో కలుస్తాయట. వినడానికి అందమైన మాట. అది నిజమో కాదో తేల్చడానికి శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టింది. తేల్చిన క్రమం కూడా మన ఉన్నత పాఠశాలల్లో పాఠంగా చెప్పదగినది.

మన సంగీతశాస్త్రకారులకు జంతువుల ధ్వనులపై శ్రద్ధ లేకపోలేదు. పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు వ్రాసిన సంగీతరత్నాకరంలో సప్తస్వరాలకు ఏడు ప్రాణులను చెప్పారు. షడ్జమానికి నెమలి, రిషభానికి చాతకం, గాంధారానికి మేక, మధ్యమానికి క్రౌంచం, పంచమానికి కోకిల, ధైవతానికి కప్ప, నిషాదానికి ఏనుగు. ఈ పట్టికలో కప్పకు చోటు దొరికింది గాని, రాత్రంతా పాడే కీచురాయికి దొరకలేదు! అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ప్రాణులు మనకు ఏ స్వరం వినిపిస్తున్నాయి అన్నదే ఆ పట్టికలోని ప్రశ్న. మన స్వరం వాటికి వినిపిస్తున్నదా అన్న ప్రశ్న అందులో లేదు.

ఆ రెండవ ప్రశ్నను ఓపికగా అడిగినవారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. జాతుల పుట్టుకను గురించి వ్రాసి లోకాన్ని కలవరపెట్టిన ఈ మహానుభావుడు, వార్ధక్యంలో తన ఇంటి గదిలో మట్టికుండీలు పెట్టుకొని వానపాములను పెంచాడు. వాటికి చెవులున్నాయా అని పరీక్షించాడు. కుండీల దగ్గర లోహపు ఈలను మాటిమాటికి ఊదించాడు. బాసూన్ అనే పెద్ద సుషిరవాద్యాన్ని అతి మంద్రంలో, అతి బిగ్గరగా ఊదించాడు. కేకలు వేయించాడు. పియానోను ఎంత గట్టిగా వాయించగలరో అంత గట్టిగా వాయించమన్నాడు. వానపాములు చలించలేదు. ఇంతటితో 'వానపాము చెవిటిది' అని వ్రాసి ముగించేవారే ఎక్కువమంది. డార్విన్ ముగించలేదు. అవే కుండీలను తీసుకొనిపోయి పియానో పైనే పెట్టించాడు. మంద్రంలో ఒక్క మెట్టు నొక్కగానే రెండు వానపాములూ చటుక్కున బొరియల్లోకి దూరాయి. కొంతసేపటికి అవి మళ్లీ పైకి వచ్చిన తరువాత పై స్వరం ఒకటి మోగిస్తే మళ్లీ దూరాయి.

రెండు సందర్భాలలోనూ వాద్యం అదే. మొదటిసారి శబ్దం గాలిలో వచ్చింది, రెండవసారి కంపనం కొయ్యలోనుంచి కుండీకి, కుండీలోనుంచి మట్టికి ప్రాకింది. 1881లో అచ్చయిన తన పుస్తకంలో డార్విన్ ఈ సంగతి కొద్ది వాక్యాలలోనే చెప్పాడు గాని, తరువాతి పరిశోధనకంతటికీ తాళపుచెవి అందులోనే ఉన్నది. వాద్యం నుండి రెండు దారులు బయలుదేరుతాయి, ఒకటి గాలిలో, మరొకటి నేలలో. ఏ ప్రాణికి ఏ దారి తెరచి ఉన్నదో చూడాలి.

పాములవాడి నాగస్వరం విషయంలో ఈ రెండు దారుల తగవే చాలాకాలం నడిచింది. పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరి లేదు. కాబట్టి అది పూర్తిగా చెవిటిదనీ, పాములవాడి బూర కదలికను చూసి మాత్రమే పడగ ఊపుతుందనీ పుస్తకాలు వ్రాశాయి. ఇందులో రెండవ భాగం నిలిచింది, మొదటిది నిలువలేదు. పాము లోపలి చెవి దవడ ఎముకతో కలిసి ఉంటుంది. 1969లో హార్ట్‌లైన్, కాంప్‌బెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు పాముల మెదడులో సన్నని విద్యుత్ తీగలు అమర్చి చూస్తే, నేలలోని కంపనాలకే గాక గాలిలో వచ్చే తక్కువ స్థాయి ధ్వనులకు కూడా మెదడు స్పందించింది. 2023లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంవారు 19 పాములకు సెకనుకు 450 కంపనాల లోపు శబ్దాలు వినిపించారు. ఒక జాతి కొండచిలువ శబ్దం వైపు జరిగింది. విషసర్పాలు చాలావరకు దూరంగా జరిగాయి. కనుక పొలంలో డమరుకం మోగిస్తే పాముకు తెలియదని అనుకోరాదు. తెలియడం వేరు, ఆనందించి ఆడడం వేరు.

పిట్టల సంగతికి వస్తే, ఆరుబయట సాధన ప్రపంచ ప్రసిద్ధమైనది ఇంగ్లండులో. బీట్రిస్ హారిసన్ అనే చెల్లో విద్వాంసురాలు సర్రే మండలంలోని ఆక్స్‌టెడ్ దగ్గర తన తోటలో రాత్రులు సాధన చేస్తూ ఉండేది. చెట్లలోని నైటింగేల్ పిట్ట తన వాద్యానికి బదులు పలుకుతున్నదని ఆమె గమనించింది. బి. బి. సి. వారిని ఒప్పించి 1924 మే 19 రాత్రి తోటలో మైక్రోఫోను పెట్టించింది. చాలాసేపు కాచుకొన్న తరువాత పిట్ట పాట వినవచ్చింది. లక్షలమంది విన్నారు, ఏటేటా వినాలని కోరారు. 1942లో ఆ ప్రసారానికి సిద్ధమవుతుండగా యుద్ధవిమానాల రొద మైక్రోఫోనులో పడింది. శత్రువుకు సమాచారం అందుతుందని ఇంజనీరు ప్రసారాన్ని ఆపివేశాడు. మొదటి ప్రసారంలో వినిపించినది పిట్ట కాదు, పిట్టను అనుకరించిన మనిషి అని 2022లో ఒక వాదన కూడా వచ్చింది.

ఆ వాదన ఎట్లున్నా, శాస్త్రం అడగవలసిన ప్రశ్న అంతకుముందే ఉన్నది. మే నెలలో మగ నైటింగేల్ పిట్టలు చెల్లో ఉన్నా లేకపోయినా రాత్రంతా పాడుతాయి. వాద్యం లేని రాత్రులలో పిట్ట ఎంత పాడిందో లెక్క వ్రాసిపెట్టనిదే, వాద్యమున్న రాత్రి పాటకు విలువ కట్టలేము. అటువంటి పోలిక పెట్టి చూసినవారు జర్మనీ శాస్త్రజ్ఞులు. అడవిలోని నైటింగేల్‌లకు వేరువేరు స్థాయిలలో ఈలలు వినిపిస్తే, అవి ఆ స్థాయికి తమ ఈలను అప్పటికప్పుడు సరిచేసుకొంటున్నాయని 2023లో ప్రకటించారు. హారిసన్ విన్నది భ్రమ కాకపోవచ్చును.

మన పశ్చిమ కర్నూలులో వన్యమృగాలకు వాద్యం వినిపించేది రాబట్టడానికి కాదు, తరమడానికి! కృష్ణజింకల మందలు పైరుమీద పడినప్పుడు రైతులు డబ్బాలు, పలకలు మోగిస్తారు. మొదట జింకలు పరుగెత్తుతాయి. అదే చప్పుడు రోజూ విని, దానివల్ల హాని లేదని తెలిసిన తరువాత తల ఎత్తి చూసి మళ్లీ మేస్తాయి. ఇట్లా అలవాటు పడడం కూడా ఒక విధమైన వినికిడే.

ఇక కీచురాయి. దీనినే ఇలకోడి అని కూడా అంటారు. మగ పురుగు తన ముందు రెక్కలను ఒకదానిపై ఒకటి రాపాడించి పలుకుతుంది. ఒక రెక్కమీద రంపపు పళ్లవంటి వరుస, మరొక రెక్కకు గీరే అంచు ఉంటాయి. ఫిడేలుకు కమాను ఎట్లాగో ఇది అట్లా. చెవులు తలమీద లేవు, ముందుకాళ్లలో మోకాలి క్రింద ఉన్నాయి. పొలపు కీచురాళ్ల పలుకు సాధారణంగా సెకనుకు 4,000 నుండి 5,000 కంపనాల మధ్య ఉంటుంది. దీన్ని మన సంగీతపు లెక్కలో చెప్పుకొందాము. గాయకుని మధ్య షడ్జమం సెకనుకు 140 కంపనాలనుకొంటే, స్థాయి మారినప్పుడల్లా రెట్టింపు అవుతూ పోయి, అయిదు స్థాయిల పైన 4,480 అవుతుంది. పియానో చిట్టచివరి మెట్టు 4,186. అంటే మన వాద్యం ఎక్కడ ముగుస్తుందో కీచురాయి అక్కడ మొదలుపెడుతుంది. దాని చెవి తన జాతి పలుకుకే ఎక్కువగా శ్రుతి అయి ఉంటుంది. మనం వాయించే కీర్తనలో దానికి చేరేది బహుశా పై అనుస్వరాల తునకలు మాత్రమే.

ఆడ పురుగు నిజంగా ఆ పలుకు విని వస్తున్నదా, లేక వాసననో రూపాన్నో పట్టి వస్తున్నదా? దీన్ని తేల్చినవాడు ఇవాన్ రేగెన్. స్లొవేనియాలో పుట్టి వియన్నాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. మన పాఠకులలో ఉపాధ్యాయులు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి. 1913లో ఆయన ఒక గదిలో మగ కీచురాయిని టెలిఫోను ముందర ఉంచి, మరొక గదిలో ఆ టెలిఫోను చెవిగొట్టం దగ్గర ఆడ కీచురాయిని విడిచిపెట్టాడు. మగది పలికినప్పుడు ఆడది చెవిగొట్టం వైపు నడిచింది. వాసన తీగలోనుంచి ప్రయాణం చేయదు, రూపమూ చేయదు. ఒక్క ధ్వని మాత్రమే చేస్తుంది. ఇంత చౌకగా, ఇంత తిరుగులేకుండా ఒక ప్రశ్నకు సమాధానం చెప్పిన ప్రయోగాలు తక్కువ.

లయ విషయంలో అంతకుముందే మరొక చిత్రం బయటపడింది. అమెరికాలోని టఫ్ట్స్ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడు డాల్‌బేర్, 1897లో కీచురాయిని ఉష్ణమాపకంగా వాడవచ్చునని వ్రాశాడు. నిమిషానికి అది ఎన్నిసార్లు పలికిందో లెక్కపెట్టి, అందులోనుంచి 40 తీసివేసి, మిగిలినదాన్ని 4 చేత భాగించి, 50 కలిపితే ఫారన్‌హీట్ డిగ్రీలు వస్తాయి. నిమిషానికి 160 అయితే 80 డిగ్రీలు, 120 అయితే 70 డిగ్రీలు. పురుగు శరీరానికి సొంత వేడి లేదు, చుట్టూ ఉన్న గాలి చల్లబడితే కండరాల పని నెమ్మదిస్తుంది. కనుక రాత్రి సాధన చేసేవాడు గమనిస్తే, సందెవేళ దురితంగా సాగిన కీచురాళ్ల నడక నడిరేయికి విలంబంలో పడుతుంది. అతడు తన వాద్యం మహిమ అనుకొంటే అనుకోవచ్చును గాని, దిగింది గాలిలోని వేడి. డాల్‌బేర్ సూత్రం అక్కడి ఒక జాతి చెట్టు కీచురాయికి చెప్పినది. ఆదోని పొలంలోని పురుగుకు అంకెలు వేరుగా ఉంటాయి, వాటిని మన విద్యార్థులే కట్టాలి.

మొదట చెప్పిన మాటను ఇప్పుడు పరీక్షించవచ్చును. వాద్యం ఎత్తుకోగానే కీచురాళ్లు ఊరుకొన్నది నిజమే. కాని వాద్యంతోపాటు మనిషి కూడా వచ్చాడు! అడుగుల అదురు నేలలోనుంచి దాని కాళ్లకు తెలుస్తుంది. వెనుక ఉన్న రెండు తోకలవంటి అవయవాల మీది వెంట్రుకలు గాలి కదలికను పసిగడతాయి. మనిషి కదలకుండా కూర్చొంటే, కొంతసేపటికి భయం తీరి మళ్లీ మొదలుపెడుతుంది. సరిగ్గా ఆ సమయానికి మనం పల్లవిలో ఉంటాము గనుక మనతో కలిసినట్లు తోస్తుంది. పరీక్ష ఇట్లా చేయాలి. రణమండల కొండ దిగువనో ఎమ్మిగనూరు శివారులోనో ఒకే చోట, ఒకే వేళకు, పది సాయంకాలాలు పిల్లనగ్రోవి ఊదుతూ, పది సాయంకాలాలు ఊదకుండా కూర్చోవాలి. ఏ సాయంకాలం ఏది అన్నది ముందుగా చీట్లు వేసి తేల్చుకోవాలి. కూర్చొన్నది మొదలు మొదటి పలుకు వినవచ్చేవరకు ఎన్ని నిమిషాలు పట్టిందో ప్రతిసారీ వ్రాయాలి, గాలి ఉష్ణోగ్రత కూడా వ్రాయాలి. (వానకాలం రాత్రులు గట్లమీద పాములుంటాయి. ఉపాధ్యాయుడు, లాంతరు, కాలికి బూట్లు లేనిదే వెళ్లరాదు.) ఎమ్మిగనూరు పిల్లలకు మరొక అవకాశం ఉన్నది. 1938లోనే చేనేత సహకార సంఘం ఏర్పడిన ఊరది. గుంటమగ్గం దెబ్బ నేలలోకి పోతుంది. మగ్గం ఆడుతున్నప్పుడు గోడసందులోని కీచురాయి ఏమి చేస్తుంది, ఆగినప్పుడు ఏమి చేస్తుంది? ఇది డార్విన్ పియానో ప్రయోగమే, ఇంట్లో కూర్చొని చేయవచ్చును.

వాద్యాల ధ్వనిని కొలిచే పని మన దేశంలో ముందే మొదలయింది. విశాఖపట్నంలో చదువుకొన్న చంద్రశేఖర వేంకట రామన్ 1920లోనే మృదంగం, తబలా అనుస్వరాల క్రమాన్ని వివరించాడు. కాని మృదంగపు అనుస్వరాలు ఒక పద్ధతిలో ఉంటే, గజ్జెల గలగలలో ఆ పద్ధతి ఉండదు. చిన్న చిన్న లోహపు ముక్కలు ఒకదానినొకటి కొట్టుకొన్నప్పుడు మన చెవికి అందని అతిధ్వనులు కూడా పుడతాయి. మనకు వినబడనంత మాత్రాన అవి లేనట్లు కాదు. వాటిని వినేవారు దీపం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

వేరుసెనగ వేసే రైతుకు ఎర్ర గొంగళి పురుగు ఎంతటి శత్రువో చెప్పనక్కరలేదు. ముంగారు వాన పడగానే నేలలోని కోశాలనుండి రెక్కల పురుగులు లేచి, సందెచీకటిలో దీపాలకు వస్తాయి. గట్లమీద మంటలు వేసి వాటిని చంపడం అందుకే. ప్రత్తి కాయను తొలిచే పచ్చపురుగు పెద్దదయితే వచ్చేదీ ఇటువంటి రాత్రించర కీటకమే. ఈ రెండు కుటుంబాల రెక్కల పురుగులకూ రొమ్ముభాగం వెనుకవైపున చెవులున్నాయి. డాల్‌బేర్ పనిచేసిన ఆ టఫ్ట్స్‌లోనే అరవై ఏండ్ల తరువాత కెన్నెత్ రోడర్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు, ఆషర్ ట్రీట్‌తో కలిసి, ప్రత్తి పురుగు కుటుంబంలోని రెక్కల పురుగు చెవి నాడికి తీగలు తగిలించి విన్నాడు. 1957లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, ఆ చెవిలో ధ్వనిని పట్టే కణాలు రెండే రెండు. రాగం, శ్రుతి దానికి తెలియవు. దానికి కావలసినది ఒకే ఒక వార్త: గబ్బిలం వస్తున్నదా, దూరంగానా, దగ్గరగానా? గబ్బిలం అరుపు అతిధ్వని. దూరాన వినబడితే పురుగు ప్రక్కకు తిరిగి పోతుంది, మరీ దగ్గరయితే రెక్కలు ముడిచి నేలమీద పడిపోతుంది.

తాళపుచెవుల గుత్తిని గలగలలాడించినా ఈ పురుగులు అట్లాగే పడిపోతాయి. కనుక చెక్కభజన సాగేచోట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు గజ్జెల మోతకు టపటపా నేలపడితే అది మైమరచి పడినది కాదు, గబ్బిలం నోట పడబోతున్నానని ప్రాణభయంతో పడినది. ఎర్ర గొంగళి పురుగు కుటుంబంలోని కొన్ని జాతులు మరొక అడుగు ముందుకు వేశాయి. గబ్బిలం దగ్గరికి రాగానే తామే టకటకమని అతిధ్వనులు చేసి దాన్ని మళ్లిస్తాయని 1965లో డొరతీ డన్నింగ్, రోడర్ చూపించారు. కీచురాయి సంగతీ కొంత ఇటువంటిదే. ఎగురుతున్న కీచురాయి 5,000 కంపనాల పలుకు వైపు తిరుగుతుంది, అతిధ్వనికి దూరంగా తిరుగుతుంది అని 1978లో తేలింది. ఒకే ప్రాణికి ఒక ధ్వని పెండ్లిపిలుపు, మరొకటి మృత్యువు.

దోమకు మాత్రం మన వాద్యం నిజంగానే వినబడుతుంది. 1855లో క్రిస్టఫర్ జాన్‌స్టన్ దోమ మీసం మొదట్లో ఉన్న ఉబ్బెత్తు భాగం వినికిడికి పనికివచ్చేదని చెప్పాడు. 1874లో ఆల్‌ఫ్రెడ్ మేయర్ మగదోమను గాజుపలక మీద అంటించి, సూక్ష్మదర్శినిలో చూస్తూ శ్రుతిదండాలు మోగించాడు. సెకనుకు 512 కంపనాల శ్రుతిదండానికి మీసంమీది కొన్ని వెంట్రుకలు విపరీతంగా అదిరాయి, తక్కినవాటికి అంతగా అదరలేదు. తరువాత మరతుపాకి కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ 1878లో అమెరికాలో ఒక హోటలుకు విద్యుద్దీపాలు అమర్చినప్పుడు, యంత్రపు ఝంకారానికి మగదోమలు మూగడం గమనించాడు. ఆడదోమ రెక్కల ధ్వనికి ఆ ఝంకారం దగ్గరగా ఉన్నది! 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన తరువాత దోమల నడవడి లోకానికంతటికీ పట్టింపయింది. 1948లో లూయీ రాత్ చేసిన పరిశోధనలో సెకనుకు 300 నుండి 800 కంపనాల శ్రుతిదండాలకు మగదోమలు వచ్చి వాలాయి. తంబుర, పిల్లనగ్రోవి, ఫిడేలు స్వరాలెన్నో ఈ పరిధిలోనివే. సాయంకాలం వాద్యం దగ్గర ముసిరే దోమలన్నీ చెమట వాసనకు, ఊపిరికి వచ్చినవి కాకపోవచ్చును. ఆ వచ్చినవాటిలో మగవి ఎన్నో లెక్కపెట్టి చూడాలి. మీసాలు గుబురుగా ఈకవలె ఉన్నవి మగవి, అవి కుట్టవు.

2009లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంవారు డెంగూ దోమలను సన్నని సూదులకు అంటించి, ఒకదాని దగ్గరికి మరొకటి తెచ్చి రెక్కల ధ్వనిని ముద్రించారు. ఆడదోమ రెక్కల ధ్వని సెకనుకు సుమారు 400 కంపనాలు, మగదోమది సుమారు 600. దగ్గరికి వచ్చినప్పుడు రెండూ తమ వేగాలను కొద్దిగా సవరించుకొని, ఆడదాని మూడవ అనుస్వరం, మగదాని రెండవ అనుస్వరం 1,200 దగ్గర ఒక్కటయ్యేటట్లు చేసుకొంటాయి. 400కు 600 ఎంతో, షడ్జమానికి పంచమం అంత. తంబురకు మనం కట్టుకొనే తంత్రుల నిష్పత్తి కూడా అదే.